హస్కీ కొనే ముందు మన ఎండల్ని గుర్తుచేసుకోండి

మా విజయవాడలో ఈమధ్య హస్కీ కుక్కలు బాగా కనిపిస్తున్నాయి. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, నిజమే. కానీ అవి సైబీరియా మంచులో బండ్లు లాగడానికి పెంచిన జాతి. ఒంటి మీద రెండు పొరల బొచ్చు. మే నెలలో ఇక్కడ 40 డిగ్రీలు దాటినప్పుడు వాటి అవస్థ తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే ఒంటి వేడి తగ్గించుకోవడానికి దానికున్న ముఖ్యమైన దారి. మా కుక్క పేరు చిట్టి. అది వీధికుక్క పిల్లే, పొట్టి బొచ్చు, ఈ ఊళ్లోనే పుట్టింది. అయినా ఎండాకాలంలో దాన్ని తెల్లవారుజామునే తిప్పుతాను. సాయంత్రం అయితే ముందు నా చేతి వెనక భాగాన్ని తారురోడ్డుకు ఆనించి చూస్తాను. ఐదారు సెకన్లు ఓర్చుకోలేకపోతే దాని పాదాలకూ కష్టమే. ఇక ఆ పూట గేటు లోపలే.

బయటికెళ్తే ఒక్క కరెంటు స్తంభం దగ్గరే ఆగిపోయి, అడుగు నుంచి పైదాకా వాసన చూస్తుంది. దయచేసి గొలుసు పట్టి లాగకండి, కుక్కకు నడక ఎంత అవసరమో వాసన చూడటమూ అంతే. ఇంటికొచ్చాక చెవుల వెనక, వేళ్ల మధ్య పిడుదులు ఉన్నాయేమో వెతకాలి. ఏటా రేబిస్ టీకా సంగతి సరేసరి.

హస్కీకి బొచ్చు గొరిగిస్తే సరిపోదా అంటారు. వద్దు, ఎండ నుంచి చర్మాన్ని కాపాడేది ఆ బొచ్చే. ఇప్పటికే తెచ్చుకున్నవాళ్లు రోజూ దువ్వండి, పగలు ఏసీ గదిలో ఉంచండి. ఆగకుండా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతుంటే నీళ్లతో బాగా తడిపి, ఫ్యాన్ గాలి తగలనిచ్చి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.