కాగితంతో బుల్లి హాన్‌ఫు: మింగ్ కాలపు జాకెట్టు, కుచ్చిళ్ల లంగా

హాన్ చైనీయుల సంప్రదాయ దుస్తులు కాగితానికి ఇంత బాగా కుదరడానికి కారణం వాటి కత్తిరింపులోనే ఉంది. భుజం దగ్గర కుట్టు ఉండదు. గుడ్డను భుజం మీద మడిచి, ముందూ వెనకా ఒకే బట్టగా వదిలేస్తారు. విప్పి పరిస్తే జాకెట్టు బల్ల మీద చదునుగా పడుకుంటుంది. ఒంటిని పట్టి ఉండే ఆధునిక చైనా గౌను చీపావ్ అలా కాదు, దానికి డార్టులు, అంటే ఒంటి ఆకారానికి తగ్గట్టు వేసే మడత కుట్లు, కావాలి. అందుకే మొదటిసారి చేసేవాళ్లు చీపావ్ జోలికి వెళ్లకపోవడం మంచిది.

15 సెంటీమీటర్ల చదరపు కాగితాలు రెండు చాలు, ఒకటి లంగాకు, ఒకటి జాకెట్టుకు. కాలరుకూ నడుంపట్టీకీ కాస్త తెల్ల కాగితం. కాగితం బరువు 60 నుంచి 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) ఉండాలి. అంతకు మించితే కుచ్చిళ్ల దగ్గర మూడు పొరలు కలిసి ఉబ్బుతాయి. పువ్వుల అచ్చు ఉన్న కాగితమైతే పువ్వు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. పెద్ద పువ్వు పడిందంటే బొమ్మ దుస్తులు కాస్తా కాగితం ముక్కలా కనిపిస్తాయి.

లంగా పేరు మామియెన్‌చ్యున్. అసలు లంగాలో రెండు బట్టలుంటాయి. ఒక్కోదానికి రెండు చివరలా చదును భాగం, మధ్యలో కుచ్చిళ్లు. ఇక్కడా అంతే. ముందు కాగితం పీచు వాటం చూడండి. రెండు దిశల్లోనూ మెల్లగా వంచితే ఒకవైపు తేలిగ్గా వంగుతుంది, అదే వాటం. కుచ్చిళ్లు ఆ వాటం వెంటే నిలువుగా పడాలి. అడ్డంగా మడిస్తే గీత పగిలి తెల్లగా తేలుతుంది, ఆ మరక ఇక పోదు.

చదరాన్ని 15 × 7.5 పట్టీలుగా రెండు చేయండి. అంచుకు సెంటీమీటరు పైన బంగారు జెల్ పెన్నుతో ఒక పట్టీ గీయాలంటే మడతకు ముందే గీసి పూర్తిగా ఆరనివ్వాలి. ప్రతి చివరా 3 సెంటీమీటర్లు వదిలి, మధ్యలోని 9 సెంటీమీటర్లలో 5 మిల్లీమీటర్లకో గీత చొప్పున, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో ఇనుప స్కేలు ఆనించి నొక్కి గీయండి. 3 దగ్గర ఎత్తు మడత (గీత పైకి లేచేలా), 3.5 దగ్గర లోతు మడత (గీత లోపలికి పోయేలా), 4 దగ్గర ఏమీ లేదు. మళ్లీ 4.5 ఎత్తు, 5 లోతు, 5.5 ఖాళీ. 6 ఎత్తు, 6.5 లోతు, 7 ఖాళీ. ఇప్పుడు పట్టీని తిప్పి రెండో చివర నుంచి ఇదే వరుస. రెండు వైపుల మడత అంచులూ మధ్యలో ఎదురుబొదురుగా నిలుస్తాయి.

ఇప్పుడు కొలవండి. పట్టీ 9 సెంటీమీటర్లకు రావాలి. 9.5 వచ్చిందంటే లోతు మడతలు గీత మీద పడలేదన్నమాట. నడుంపట్టీ బిగించి సర్దేద్దామనుకోవద్దు, కింద అంచు విసనకర్రలా విచ్చుకుంటుంది. విప్పి మళ్లీ మడవాల్సిందే. రెండు పట్టీల చదును భాగాలు ఒకదాని మీద ఒకటి వేసి పైన అంటిస్తే 15 సెంటీమీటర్లవుతుంది. 1.6 సెంటీమీటర్ల తెల్ల పట్టీని సగానికి మడిచి నడుముకు తొడగండి. రెండో జత చదును భాగాలనూ ఒకదాని మీద ఒకటి వేస్తే లంగా 6 సెంటీమీటర్ల వెడల్పుతో చుట్టుకుంటుంది.

జాకెట్టుకు 15 × 10 ముక్క తీసుకుని సగానికి మడవండి, ఆ మడతే భుజం. చేతుల ఎత్తు 2.5 ఉంచి, కింద రెండు వైపులా 4 సెంటీమీటర్ల మేర తీసేస్తే ఒళ్లు 7 మిగులుతుంది. ముందు పొరను మాత్రమే నడిమికి చీల్చి, మెడ దగ్గర మడత మీద అటూ ఇటూ 8 మిల్లీమీటర్లు కోయండి.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. చీల్చిన రెండు ముక్కలూ నడిమిలో కలుస్తాయే తప్ప ఒకదాని మీద ఒకటి రావు. లాగి కప్పితే భుజాలు ముడుచుకుపోతాయి. అసలు దుస్తుల్లో దానికోసమే రెన్ అనే అదనపు బట్ట ఉంటుంది. మిగిలిన 15 × 5 పట్టీలోంచి 3.4 × 5 ముక్కలు రెండు తీసి, ముందు అంచుల కింద 2 మిల్లీమీటర్లు దూర్చి అంటించండి. తర్వాత మెడ మూల నుంచి రెన్ బయటి అంచు మీద 3.5 కిందికి ఉన్న బిందువు దాకా ఏటవాలుగా కోయండి. చేతుల కింద, పక్కల 2 మిల్లీమీటర్ల మేర జిగురు పుల్లతో రాసి మూయండి. నీళ్ల జిగురు వద్దు, కాగితం అలలు తేలుతుంది. గ్లూ స్టిక్ చాలు.

కాలరుకు 14 × 1.2 తెల్ల పట్టీ, సగానికి మడిచి తొడగాలి. మెడ వెనక మధ్య నుంచి మొదలుపెట్టి ఒక్కో వైపుకు రండి. మెడ మూలల దగ్గర చిన్న మడత వేయకుండా తిన్నగా లాగితే ఛాతీ దగ్గర పొంగుతుంది.

ఇక మూయడం. తొడుక్కున్న మనిషి ఎడమ ముక్కే పైన ఉండాలి, అంటే బల్ల మీద పెట్టినప్పుడు మన కుడిచేతి వైపుది. చూసేవాళ్లకు కాలరు ఇంగ్లిషు చిన్న 'వై' అక్షరంలా కనిపించాలి. దీన్నే యౌరెన్, అంటే కుడివైపుకు మూయడం, అంటారు. తారుమారైతే అది జ్వోరెన్, అంటే ఎడమవైపుకు మూయడం. పరాయి తెగలను అడ్డుకున్న ఛీ రాజ్య మంత్రి గ్వాన్ జోంగ్ లేకుంటే మనం వాళ్లలా జుట్టు విరబోసుకుని ఎడమవైపు మూసే బట్టలు కట్టుకునేవాళ్లమని కన్ఫ్యూషియస్ అన్నది ఈ తేడా గురించే. చనిపోయినవాళ్లకు తొడిగే బట్టలకూ ఎడమ వాటమే. కాబట్టి జిగురు పెట్టేముందు ఒకసారి చూసుకోండి. నడుంపట్టీ జాకెట్టు లోపలికి పోయేలా లంగా దూర్చి, కాలరు కొసకు ఒకే ఒక్క చుక్క జిగురు పెట్టండి.