కరెంటు పెట్టించుకున్న పది రోజులు

ఇరవై ఏళ్లుగా కుట్టు మిషన్ తొక్కుతున్నాను. నడుం నొప్పి నాకు కొత్త కాదు. కానీ పోయిన దసరా జాకెట్ల హడావుడిలో పట్టింది సంక్రాంతి దాటినా వదల్లేదు. ఎముకల డాక్టరు చూసి, "ఆపరేషన్ అక్కర్లేదమ్మా, పది రోజులు ఫిజియోథెరపీకి వెళ్లండి" అన్నారు.

అక్కడ పెట్టేది ఐఎఫ్‌టీ, అంటే ఇంటర్‌ఫెరెన్షియల్ థెరపీ: నొప్పి తగ్గడానికి ప్యాడ్లతో ఒంట్లోకి సన్నటి కరెంటు పంపడం. జనం మాత్రం "కరెంటు పెట్టడం" అంటారు. ఆ మాటకే నాకు సగం టెన్షన్, ఇస్త్రీపెట్టె షాకు తిన్న చెయ్యి మరి. ఫిజియో అమ్మాయి ముందు "గుండెకు పేస్‌మేకర్ ఏమైనా ఉందా ఆంటీ?" అని అడిగింది. లేదన్నాక బోర్లా పడుకోబెట్టి, నడుముకు అటు రెండు ఇటు రెండు ప్యాడ్లు తడి స్పాంజితో పెట్టి బెల్టు బిగించింది.

"చీమలు పాకినట్టుంటుంది. మంట పుడితే చెప్పండి."

చీమలే. కాసేపటికి, తిరుగుతున్న గ్రైండర్‌కు నడుం ఆనించినట్టు సన్నటి అదురు. పదిహేను నిమిషాలయ్యాక లేస్తే నొప్పి సగం లేదు! ఆటో ఎక్కకుండా ఇంటికి నడిచొచ్చాను. రాత్రి అన్నం వార్చడానికి వంగేసరికి మళ్లీ మామూలే.

నాలుగో రోజు ఒక స్పాంజి ఆరిపోయి సూదులు గుచ్చినట్టు చురుక్కుమంది. వైద్యమంటే ఇంతేనేమో అని పళ్లు బిగబట్టాను. తీసి చూస్తే చర్మం కందిపోయింది. చెప్పనందుకు నాకు చివాట్లు.

"పోయినట్టే పోయి వస్తోందేమ్మా?" అనడిగాను. దెబ్బ తగిలిన చోట రుద్దితే హాయిగా ఉంటుంది చూడండి, ఇదీ అలాంటిదే అంది. నొప్పి కబురు మెదడుకు చేరే దారిలో, వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఉంటుందని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పారట. ఈ జిలజిల ఆ గేటును కాసేపు మూస్తుందట.

ఈలోగా నేను 1,900 పెట్టి ఇంట్లో వాడుకునే చిన్న టెన్స్ మిషన్ కొనేశాను, అదీ ప్యాడ్లు అంటించి కరెంటు పెట్టేదే. అప్పుడు చల్లగా చెప్పాడు మా అబ్బాయి: నడుం నొప్పికి టెన్స్, ఐఎఫ్‌టీ ఇవ్వొద్దని బ్రిటన్‌లో ఏ జబ్బుకు ఏ వైద్యం చెయ్యాలో చెప్పే నైస్ అనే సంస్థ 2016లోనే మార్గదర్శకాల్లో రాసిందని, 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా టెన్స్ వద్దందని. నాకు ఒళ్లు మండింది. వెళ్లి అడిగితే ఆ అమ్మాయి ఏమీ నొచ్చుకోలేదు. "అందుకే కదా ఆంటీ, వ్యాయామం ఎగ్గొట్టొద్దని రోజూ పోరేది!"

నిజమే, ఆరు రోజులూ ఎగ్గొట్టాను. ఏడో రోజు నుంచి కరెంటు తీయగానే, నొప్పి తిరిగొచ్చేలోపు, మోకాళ్లు మడిచి నడుం పైకెత్తడం మొదలుపెట్టాను. పది సార్లు అనుకుంటే మూడుకే తొడలు వణికాయి. ఇప్పుడు ఇరవై చేస్తున్నాను. జాకెట్టు జాకెట్టుకీ లేచి వీధి గుమ్మం దాకా నడుస్తాను. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, రెండు నెలలుగా రాత్రిళ్లు నిద్ర పడుతోంది.

టెన్స్ మిషన్ బీరువాలో ఉంది. ప్యాడ్ల జిగురు పోయింది, కొత్తవి కొనలేదు.