కొలనోస్కోపీ అయిన ఆరో రోజు

నాన్నకి పెద్దపేగులో పాలిప్, అంటే లోపలి గోడ మీద పెరిగిన కండ, ఉంటే కొలనోస్కోపీలోనే (కెమెరా గొట్టం పంపి పేగు చూసే పరీక్ష) తీసేశారు, రెండు సెంటీమీటర్లుంటుంది. సాయంత్రానికి ఇంటికొచ్చేశాం, ఇడ్లీ తిన్నాడు, ఓ పనైపోయింది అనుకున్నాం. ఆరో రోజు తెల్లారుజామున బాత్రూంలోంచి పిలిచాడు. "ఏం లేదురా, కొంచెం ఎర్రగా వచ్చింది" అంటాడు, చూస్తే కమోడ్ నిండా రక్తం, మధ్యలో కార్జం ముక్కల్లా గడ్డలు. అప్పటికి అది మూడోసారట, అమ్మ కంగారు పడుతుందని చెప్పలేదట!

ఎమర్జెన్సీలో బీపీ 90/60. రెండు చేతులకీ సూదులు గుచ్చి సెలైన్ ఎక్కిస్తూనే రక్తం గ్రూప్ టెస్టుకి పంపారు. పాలిప్‌ని వైరు ఉచ్చు బిగించి కరెంటుతో కోస్తారు కదా, కోసిన చోట పుండు పడి చెక్కు కడుతుంది, మోకాలి దెబ్బ మీద కట్టినట్టే, ఆ చెక్కు ఊడేటప్పుడు కింద రక్తనాళం తెరుచుకుంటే ఇలా అవుతుందట, రెండు వారాల దాకా ఈ భయం ఉంటుందట. డిశ్చార్జ్ కాగితంలో ఉంది ఈ ముక్క, చివరి లైన్లో. మేం మందుల లిస్టు చూసి మడిచి పెట్టేశాం.

పైగా నాన్నకి గుండె రక్తనాళం మూసుకుపోకుండా వేసిన స్టెంటుంది. రక్తం పల్చబడే మాత్రలు రెండు వాడతాడు, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. కొలనోస్కోపీకి ముందు క్లోపిడోగ్రెల్ ఐదు రోజులు ఆపి, తర్వాత మళ్ళీ మొదలెట్టాం. ఇక రెండు మాత్రలూ ఆపేద్దాం సార్ అని నేనంటే డ్యూటీ డాక్టర్ కసురుకున్నాడు, స్టెంట్ పూడుకుపోతే అప్పుడేం చేస్తావయ్యా అని. కార్డియాలజిస్ట్‌కి ఫోన్ కొట్టి మాట్లాడుకుని, ఆస్పిరిన్ ఉంచి క్లోపిడోగ్రెల్ మాత్రం కొన్నాళ్ళు ఆపారు. నిజం చెప్పాలంటే నాకా క్షణాన గుండె గుర్తే లేదు.

మళ్ళీ పేగు కడిగే పౌడరు కలిపిన నీళ్ళు, మళ్ళీ స్కోపు. రక్తం ఆగేలా పుండు చుట్టూ అడ్రినలిన్ ఇంజెక్షన్ చేసి మూడు లోహపు క్లిప్పులేశారు. రిపోర్టులో ఫొటో ఉంది, గులాబీ రంగు పేగు గోడకి స్టేప్లర్ పిన్నులు కొట్టినట్టు. అవి వాటంతటవే ఊడి పోతాయట, ఈలోగా ఎమ్మారై తీయాల్సొస్తే మాత్రం ముందే చెప్పమన్నారు.

బయాప్సీలో అడినోమా అని వచ్చింది, అంటే వదిలేస్తే ఎప్పటికైనా క్యాన్సర్‌గా మారే అవకాశమున్న రకం, ఇప్పటికి క్యాన్సర్ లేదు, మూడేళ్ళకి మళ్ళీ రమ్మన్నారు. నాన్న మాత్రం రోజూ పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని మరీ బాత్రూంకి వెళ్తున్నాడు, క్లిప్పు పడిందేమో చూడాలంట.