పెందుర్తి స్థలం, మామ్మ దాచుకున్న క్యాష్: నా అనుభవం

విశాఖలో స్థలం అమ్మకానికి పెట్టామని తెలిస్తే చాలు, బ్రోకర్లు అడిగే మొదటి మాట "వైట్ ఎంత, బ్లాక్ ఎంత?" అని. పెందుర్తి వైపు మా నాన్నగారు ఎప్పుడో కొన్న 150 గజాల స్థలం విషయంలోనూ అదే జరిగింది. నాన్నగారు పోయాక అది అమ్మ పేరు మీదకి వచ్చింది. 2024 చివర్లో అమ్మేద్దామనుకున్నాం. 33 లక్షలకి పార్టీని తెచ్చిన బ్రోకరు, "డాక్యుమెంటులో 18 లక్షలు చూపిద్దాం, మిగతా 15 క్యాష్ ఇచ్చేస్తారు" అన్నాడు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం. చూపించని 15 లక్షల మీద కొన్నవాళ్ళకి ఆ ఖర్చు తప్పుతుంది, మాకు పన్ను తగ్గుతుంది, ఇద్దరికీ లాభమే కదా అని అతని లెక్క. అమ్మ వినగానే వద్దంది. "అంత డబ్బు ఇంట్లో పెట్టుకుని నేను నిద్రపోగలనా బాబూ?" అంది. ఆ బేరం అక్కడితో పోయింది.

తర్వాత స్థలం కావాలని వచ్చింది మా చేపల మామ్మ. ఎంవీపీ కాలనీలో మా ఇంటికి నా చిన్నప్పటి నుంచి చేపలు తెచ్చేది. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి వేలంలో చేపలు పాడుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగేది. మోకాళ్ళు నొప్పులు మొదలయ్యాక తట్ట మానేసి ఎండుచేపల వ్యాపారంలోకి దిగింది. కూతురు స్టాఫ్ నర్సు. తల్లీకూతుళ్ళిద్దరి పేరునా కొందామని వాళ్ళ ఆలోచన. కూతురికి బ్యాంకు వాళ్ళు ప్లాటు లోను 15 లక్షలు ఇస్తామన్నారు. మామ్మకి ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 7 లక్షలు ఉన్నాయి. మిగతా 11 లక్షలు ట్రంకు పెట్టెలో ఉన్నాయి, క్యాష్‌గా.

ఆ క్యాష్‌ని మేము నేరుగా తీసుకోవడం కుదరదని నాకు తెలుసు. ఎందుకు కుదరదో మామ్మకి అర్థమయ్యేలా చెప్పాలి కదా, అందుకని మాకు తెలిసిన ఆడిటర్ గారి దగ్గరికి అందరం వెళ్ళాం.

రెండు లక్షల రూలు చాలామంది విన్నదే. అప్పటికి అమల్లో ఉన్న 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోకి సెక్షన్ 269ఎస్‌టీ 2017 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. ఆ ఏడాది బడ్జెట్‌లో ముందు మూడు లక్షలన్నారు, బిల్లు పాసయ్యేసరికి రెండు లక్షలకి దించారు. ఒక మనిషి దగ్గర ఒక రోజులో గానీ, ఒకే లావాదేవీకి గానీ, ఒకే సందర్భానికి సంబంధించి గానీ రెండు లక్షలు, ఆ పైన క్యాష్ తీసుకోకూడదు. జరిమానా తీసుకున్నవాడికి, తీసుకున్నంత మొత్తం. పెళ్ళికి ఫంక్షన్ హాలు డబ్బులు మూడు విడతలుగా లక్షన్నర చొప్పున ఇచ్చినా సందర్భం ఒక్కటే కాబట్టి రూలు తప్పినట్టే.

స్థలాల విషయంలో అసలు పట్టింపు ఇంకో సెక్షన్ దగ్గర ఉంది. అది చాలామంది బ్రోకర్లకి కూడా సరిగా తెలియదు. "రెండు లక్షల లోపు అడ్వాన్సు క్యాష్‌లో తీసుకోవచ్చు సార్" అని ధీమాగా చెబుతారు. 2015 జూన్ 1 నుంచి ఇల్లూ స్థలాల అమ్మకం కోసం తీసుకునే డబ్బు, అడ్వాన్సు అయినా మరొకటైనా, 20 వేలు, ఆ పైన క్యాష్‌లో తీసుకోకూడదని సెక్షన్ 269ఎస్ఎస్‌లో చేర్చారు. దానికీ జరిమానా తీసుకున్నంత. అంటే మామ్మ దగ్గర మా అమ్మ లక్ష రూపాయలు బయానాగా నోట్ల రూపంలో తీసుకుంటే, మరో లక్ష జరిమానా కట్టాల్సిన పరిస్థితి రావచ్చు. అడ్వాన్సు మేము చెక్కులోనే తీసుకున్నాం.

"అయితే నా కూతురికి ఇచ్చేత్తాను. ఆడబిడ్డకి తల్లి ఇచ్చుకుంటే కూడా తప్పేనా?" అంది మామ్మ. ఆడిటర్ గారు తల అడ్డంగా ఊపారు. 269ఎస్‌టీలో బంధువులకి మినహాయింపు లేదు. తల్లి ఇచ్చిన కానుక అయినా సరే, రెండు లక్షలు, ఆ పైన క్యాష్ తీసుకుంటే కూతురికి ఇబ్బంది. ఆ డబ్బు బ్యాంకుకి వెళ్ళాలంటే మామ్మ ఖాతాలోకి మామ్మ చేత్తోనే వెళ్ళాలి. "మరి బ్యాంకోల్లు తీసుకోవచ్చా అంత?" అని అడిగింది. మంచి ప్రశ్న. బ్యాంకులకీ, పోస్టాఫీసులకీ, ప్రభుత్వానికీ ఆ సెక్షన్ వర్తించదు.

బ్రోకరు అప్పటికే ఆవిడకి ఇంకో సలహా ఇచ్చి ఉన్నాడు. రోజుకి 49 వేల చొప్పున వేసుకుంటూ పోతే పాన్ అడగరట. అప్పటి రూలు ప్రకారం ఒక రోజులో 50 వేలు దాటితేనే పాన్ అడుగుతారన్నది నిజమే. కానీ ఒక ఆర్థిక సంవత్సరంలో సేవింగ్స్ ఖాతాల్లో వేసిన క్యాష్ మొత్తం 10 లక్షలకి చేరితే బ్యాంకు ఆ వివరం పన్ను శాఖకి పంపుతుంది. అది కాక, ముక్కలు చేసి వేస్తున్నట్టు అనుమానం వస్తే అనుమానాస్పద లావాదేవీల మీద కన్నేసి ఉంచే కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఢిల్లీలో ఉన్న ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కి బ్యాంకు రిపోర్టు చెయ్యాలి. మనీ లాండరింగ్ చట్టం కింద బ్యాంకుల మీద ఆ బాధ్యత ఉంది. చెమటోడ్చి దాచుకున్న డబ్బుని దొంగసొమ్ములా వేయించే సలహా అది. నాకు చాలా కోపం వచ్చింది.

ఇక్కడ మామ్మ అసలు భయం బయటపడింది. ఆవిడకి పన్ను శాఖంటే భయం లేదు. "నానేటి దొంగతనం సేసినానా బావూ? గవర్నమెంటోల్లకి సెప్తాను, నాకేటి. మా పెద్దోడికి తెలవకూడదు" అంది. పెద్దకొడుక్కి అప్పులు ఉన్నాయి. పాత ఖాతాకి ఇచ్చిన ఫోన్ నంబరు అతనిదే. ఆధార్‌కి ఉన్నదీ అదే. ఖాతాలో వంద రూపాయలు పడినా మెసేజి అతని ఫోన్‌కి వెళుతుంది. అప్పట్లో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసినప్పుడు ఆ సంగతి తెలిసిపోయి ఇంట్లో ఎంత గొడవైందో కూతురు చెప్పింది. అందుకే ఆ తర్వాత సంపాదించినదంతా ట్రంకు పెట్టెలో చేరింది.

క్యాష్ అనగానే నల్లధనం అనుకునేవాళ్ళు ఈ సంగతి ఆలోచించరు. డబ్బు ఇంట్లో దాచుకునేవాళ్ళలో మామ్మ లాంటి ఆడవాళ్ళు ఎంతమందో ఉంటారు. తాగే భర్త నుంచో, అప్పులు చేసే కొడుకు నుంచో, చేబదులు అడిగే చుట్టాల నుంచో కాపాడుకోవడానికి వాళ్ళకి ఉన్న ఒకే ఒక్క దారి ఆ నోట్లు. ప్రభుత్వానికి లెక్క చెప్పమంటే చెబుతారు. ఇంట్లోవాళ్ళకీ వీధిలోవాళ్ళకీ తెలియకుండా ఉండాలన్న కోరిక మాత్రం పూర్తిగా న్యాయమైనది. ఆ కోరిక తీరుస్తూనే పని చట్టప్రకారం జరగాలని నేను పట్టుబట్టాను.

ముందుగా ఆవిడ పేరున కొత్త సిమ్ తీసుకున్నాం. తర్వాత ఆధార్ సెంటరుకి వెళ్ళాం, నంబరు మార్పుకి అప్పట్లో 50 రూపాయలు. వేలిముద్ర వెయ్యమంటే ఏ వేలూ పడదు. ఐసులో, ఉప్పులో నానిన చేతులు, గీతలన్నీ అరిగిపోయాయి. ఆపరేటరు కుర్రాడు ఓపికగా గుడ్డతో తుడిచి మళ్ళీ మళ్ళీ పెట్టించాడు. చివరికి కంటిపాప స్కాన్‌తో పనయింది. నంబరు మారాక పాన్ పెద్ద కష్టం కాలేదు, ఆధార్ ఓటీపీతో ఈ-పాన్ ఉచితంగానే వచ్చింది. బ్యాంకులో కొత్త నంబరు ఇచ్చి పాత నంబరు తీయించాం.

కాగితాల పని ఆడిటర్ గారిది. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేని డబ్బు అని తేలితే అప్పటి రేట్ల ప్రకారం సర్‌చార్జీ, సెస్సు కలిపి 78 శాతం పన్ను పడుతుందని ఆయన మొదటే హెచ్చరించారు. మామ్మ వ్యాపారం చిన్నది, ఏ ఏడాదీ ఆదాయం పన్ను పరిమితికి చేరలేదు. అరవై దాటినవాళ్ళకి పాత పద్ధతిలో అది మూడు లక్షలు. ఏ ఏడాది సుమారు ఎంత అమ్మింది, ఇంటి ఖర్చెంత, మిగిలిందెంత అని ఆయన అడుగుతుంటే ఆవిడ తుఫాన్లని బట్టి చెప్పుకుంటూ వచ్చింది. హుద్‌హుద్ వచ్చిన 2014లో ఏమీ మిగల్లేదంది. డ్వాక్రా గ్రూపు పాసుపుస్తకాలు, చీటీ పాడినప్పటి కాగితాలు, ఎండుచేపల హోల్‌సేల్ వ్యాపారి ఇచ్చిన చిట్టాలు, గాజులు అమ్మిన బిల్లు, అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో జాగ్రత్త చేసి ఉంచింది. వాటితో ఆయన ఏడాదివారీ పట్టిక తయారు చేశారు. నోట్ల కట్టల కన్నా ఆ కవరే విలువైనదని ఆయన అన్న మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఇంట్లో డబ్బు దాచుకునేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఒక నోటుబుక్కు పెట్టి తేదీ, మొత్తం రాసుకోండి.

సంక్రాంతి వెళ్ళాక డబ్బు వెయ్యడానికి బ్యాంకుకి వెళ్ళాం. ఆ రోజు జరిగింది గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధే. కౌంటరు దగ్గర కుర్రాడు వోచరు చూసి, "ఏం మామ్మా, పదకొండు లక్షలా! ఎక్కడిది ఇంత డబ్బు?" అని హాలంతా వినపడేలా అడిగాడు. లైన్లో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు. వాళ్ళలో మామ్మ పేటవాళ్ళు ఇద్దరున్నారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పోదాం బావూ, వొద్దు" అంది. నేను మేనేజరు గదిలోకి వెళ్ళి, ఖాతాదారు వివరాలు గోప్యంగా ఉంచడం బ్యాంకు బాధ్యత అని గట్టిగానే చెప్పాను. ఆయన సారీ చెప్పి లోపల గదిలో కూర్చోబెట్టి, నోట్ల లెక్క అక్కడే చేయించారు. మిషను కొన్ని కట్టలని తీసుకోలేదు, నోట్లు తేమకి మెత్తబడి ఉన్నాయి. వాటిని చేత్తో లెక్కపెట్టారు.

కొన్ని రెండు వేల నోట్లు కూడా ఉన్నాయి. 2023 మే 19న ఆర్‌బీఐ వాటిని ఉపసంహరించుకుంటున్నట్టు ప్రకటించినా చెల్లవని అనలేదు. బ్యాంకుల్లో మార్చుకునే గడువు మాత్రం ఆ అక్టోబరు 7తో అయిపోయింది. ఇప్పుడు ఆర్‌బీఐ ఇష్యూ ఆఫీసులోనే ఇవ్వాలి, మనకి దగ్గరవి హైదరాబాద్, భువనేశ్వర్. పోస్టులో పంపినా ఖాతాలో వేస్తారు. అలాగే హైదరాబాద్‌కి పంపాం, డబ్బు పడింది.

బ్యాంకు సంగతి తర్వాత ఆడిటర్ గారు మాటల్లో ఒక కేసు చెప్పారు. అది మన రాష్ట్రానిదే. స్టాంపుల చట్టంలో సెక్షన్ 73ని ఆంధ్రప్రదేశ్ 1986లో సవరించింది. స్టాంపు సుంకం ఎగ్గొట్టారా అని చూడటానికి అధికారి బ్యాంకుల్లోకి కూడా వెళ్ళి ఖాతాదారుల కాగితాలు తనిఖీ చెయ్యొచ్చు, పట్టుకుపోవచ్చు అని దాని సారాంశం. బ్యాంకులు కోర్టుకెళ్ళాయి. హైకోర్టు ఆ సవరణని కొట్టేసింది, 2004 నవంబరులో సుప్రీంకోర్టు కెనరా బ్యాంకు కేసులో ఆ తీర్పుని సమర్థించింది. కాగితాలు బ్యాంకుకి అప్పగించినంత మాత్రాన వాటి మీద మనిషికి ఉన్న గోప్యత పోదు, గోప్యత అనేది చోటుకి కాదు, మనిషికి సంబంధించింది అని ఆ తీర్పు చెప్పింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చినప్పుడు ఈ కేసుని కూడా చర్చించారు. పన్ను శాఖకి 10 లక్షల డిపాజిట్ సంగతి తెలియడం చట్టం రాసుకున్న పరిమితిలో ఉంది. కౌంటరు దగ్గర లైన్లో ఉన్నవాళ్ళకి తెలియాలని ఏ చట్టమూ చెప్పలేదు.

రిజిస్ట్రేషన్ ఫిబ్రవరిలో సాఫీగా జరిగిపోయింది. డాక్యుమెంటులో 33 లక్షలూ చెక్కుల నంబర్లతో సహా రాశాం. పూర్తి ధర చూపించాం కాబట్టే కూతురికి లోను అడిగినంత వచ్చింది. 18 లక్షలు అని రాసి ఉంటే బ్యాంకు ఆ లెక్కన తగ్గించి ఇచ్చేది, ఆ లోటు ఎలా పూడ్చేవారో! 50 లక్షలు దాటలేదు గనుక కొన్నవాళ్ళు ధరలో ఒక శాతం పట్టుకుని పన్ను శాఖకి కట్టే టీడీఎస్ గొడవ లేదు. అమ్మకంలో వచ్చిన లాభం మీద అమ్మ కట్టాల్సిన క్యాపిటల్ గెయిన్స్ పన్నుకి, ఇండెక్సేషన్ (పాత కొనుగోలు ధరని ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచి చూడటం) లేకుండా 12.5 శాతం, ఇండెక్సేషన్‌తో 20 శాతం రెండూ లెక్కవేసి తక్కువది కట్టాం.

తర్వాత ఏప్రిల్ 16న బెంగళూరు స్థలం కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం పేపర్లో చదివాను. రెండు లక్షలు, ఆ పైన క్యాష్ ఇచ్చామని ఎవరైనా దావాలో చెబితే కోర్టు ఆ సంగతి పన్ను శాఖకి తెలియజేయాలి. రిజిస్ట్రేషన్ డాక్యుమెంటులో అలా ఉంటే సబ్ రిజిస్ట్రారు తెలియజేయాలి. మా బ్రోకరుకి ఆ కటింగు వాట్సాప్‌లో పంపాను.

వేసవిలో ఆడిటర్ గారు మామ్మ పాన్‌తో యాన్యువల్ ఇన్ఫర్మేషన్ స్టేట్‌మెంట్, అంటే ఆవిడ లావాదేవీల గురించి పన్ను శాఖకి చేరిన వివరాల పట్టిక, తెరిచి చూపించారు. బ్యాంకులో వేసిన క్యాష్, స్థలం కొనుగోలు రెండూ అందులో ఉన్నాయి. అప్పటి రూలు ప్రకారం 30 లక్షలు, ఆ పైన జరిగే రిజిస్ట్రేషన్ల వివరాలని సబ్ రిజిస్ట్రారు ఆఫీసు పన్ను శాఖకి పంపేది. ఆవిడ పేరున మొదటిసారి రిటర్ను వేశారు, ఏడాదివారీ పట్టిక, ప్లాస్టిక్ కవర్లోని కాగితాల జిరాక్సులు ఫైల్లో పెట్టారు. ఇంతవరకు ఏ నోటీసూ రాలేదు, వస్తే ఇవ్వడానికి జవాబు సిద్ధంగా ఉంది. మామ్మ ఇప్పుడు ఎండుచేపల డబ్బు వారం వారం ఖాతాలోనే వేసుకుంటోంది. మెసేజి ఆవిడ ఫోన్‌కే వస్తుంది, మనవరాలి చేత చదివించుకుంటుంది.