విట్నీలో తయారైన కొత్త బాడీ

2018 మే నెలలో మా బావగారితో కలిసి ఇంగ్లండులోని విట్నీ పట్టణానికి వెళ్లాను. ఆయన దగ్గరున్న 1967 నాటి ఎమ్‌జీబీ రోడ్‌స్టర్‌కు, అంటే కప్పు మడిచే రెండు సీట్ల బ్రిటిష్ కారుకు, కొత్త బాడీ తెచ్చుకోవడమే ఆ ప్రయాణంలో మా పని. ఇంజను, గేర్‌బాక్సు, వెనుక యాక్సిల్ ఇంకా ఎన్నో ఏళ్లు నడిచే స్థితిలో ఉన్నాయి; బాడీని మాత్రం తుప్పు తినేసింది. అంతకుముందు చలికాలంలో కారును జాకీతో లేపినప్పుడు తెరిచిన తలుపు మళ్లీ మూసుకోలేదు. కప్పు ఉన్న కారులో ఒత్తిడిని కప్పు, దాన్ని మోసే స్తంభాలు కూడా పంచుకుంటాయి. కప్పు మడిచే కారులో ఆ భారం దాదాపు అంతా తలుపుల కింద సాగే సిల్స్ మీద, సీట్ల మధ్యనున్న టన్నెల్ మీద పడుతుంది. ఎమ్‌జీబీకి విడిగా ఛాసిస్ (అడుగు చట్రం) లేదు, బాడీయే ఛాసిస్. బయటికి నునుపుగా కనిపించే సిల్ వెనుక మరో రెండు మూడు పొరల రేకు ఉంటుంది. మా కారులో లోపలి పొరలు పొడి అయిపోగా, పైరేకు ఒక్కటే రంగుతో నిలిచి ఉంది.

అతుకులు వేయించవచ్చునని నేను మొదట అనుకున్నాను. అయితే సిల్స్ కోసేటప్పుడు తలుపు ఖాళీలకు అడ్డంగా కడ్డీలు బిగించకపోతే బాడీ మధ్యలో కుంగి, ఆ వంకరలోనే వెల్డు అయిపోతుందని బావగారు చెప్పారు. ఒక చోట అతుకు వేస్తే దాని పక్కనే మరో చోట రేకు చిల్లు పడే దశకు ఆ కారు చేరుకుందని ఆయన లెక్క. సగం కారును కోసి మళ్లీ అతికించడం కంటే, కొలతలు సరిగ్గా ఉన్న కొత్త బాడీలోకి పాత యంత్రభాగాలను మార్చడమే క్షేమమని ఇద్దరం ఒప్పుకున్నాం.

దారిలో ఆక్స్‌ఫర్డ్‌లో ఆగి, లాంగ్‌వాల్ వీధిలో మోరిస్ కార్ల తయారీదారు విలియమ్ మోరిస్ 1910లో కట్టించిన గ్యారేజీ భవనాన్ని చూశాం. ఎమ్‌జీ అన్న పేరు మోరిస్ గ్యారేజెస్ నుంచే వచ్చింది. ఎమ్‌జీ కర్మాగారం 1929లో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్‌డన్ పట్టణానికి చేరింది. 1962 నుంచి 1980 వరకు అక్కడ ఎమ్‌జీబీ కుటుంబపు కార్లు 5 లక్షలకు పైగా తయారయ్యాయి. 1980 అక్టోబరులో ఆ గేట్లు మూతపడ్డాయి. కర్మాగారం పోయినా రేకులను ఒత్తే అచ్చులు పూర్తిగా పాడైపోలేదు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ వాటిని వెతికి సేకరించి, 1988లో ఫారింగ్‌డన్‌లో ఎమ్‌జీబీ బాడీల తయారీని మళ్లీ మొదలుపెట్టింది. తరువాత ఆ పని విట్నీకి మారింది.

ఒకప్పుడు దుప్పట్ల నేతకు పేరుపొందిన ఆ చిన్న ఊళ్లో, ఎత్తయిన ఇనుప చట్రాల (జిగ్గుల) మధ్య బిగించిన రేకులు స్పాట్ వెల్డింగుతో ఒకదానికొకటి అతుక్కోవడం చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. జిగ్గు చేసే పని నాకు అక్కడే అర్థమైంది. రేకులన్నీ తమ తమ చోట్ల కదలకుండా నిలిచి ఉండగానే వెల్డు పడుతుంది కాబట్టి ముందు చక్రాల దగ్గరి రంధ్రాలకూ వెనుక స్ప్రింగుల కొక్కేలకూ మధ్య దూరం తప్పదు. దీన్ని నకలు అనడానికి నాకు మనసొప్పదు. అమెరికాకు చెందిన డైనాకార్న్ సంస్థ 1967 నాటి షెవ్రొలే కమారో కన్వర్టిబుల్ కారు బాడీలను కొత్తగా చేయించిన అచ్చులతో తయారుచేస్తుంది; అదీ మెచ్చుకోదగ్గ శ్రమే. విట్నీలో మాత్రం మొదటి కార్లకు రూపమిచ్చిన పనిముట్లే చాలావరకు ఈ రేకులకూ రూపమిచ్చాయి.

అయితే బాడీ కొత్తదైతే అది 1967 కారే అవుతుందా? ఈ ప్రశ్నకు అప్పటి బ్రిటిష్ రిజిస్ట్రేషన్ నిబంధన అంకెలతో జవాబిచ్చేది. అసలైన బాడీకి, లేదా తయారీదారు నుంచి నేరుగా కొన్న, మార్పులు చేయని కొత్త బాడీకి 5 పాయింట్లు; సస్పెన్షన్, స్టీరింగ్, యాక్సిళ్లు, ట్రాన్స్‌మిషన్‌లకు తలా 2; ఇంజనుకు 1. కనీసం 8 వస్తేనే పాత నంబరు నిలిచేది. బాడీ ఎక్కడ కొన్నామో చూపించే రసీదు అందుకే అంత ముఖ్యం. నా దృష్టిలో చట్టంతోనే బాధ్యత తీరిపోదు. రేపు ఈ కారును ఎవరైనా కొంటే, బాడీ 2018లో మారిందన్న సంగతి కారు కాగితాల్లో మొదటి పుటలోనే వారికి కనిపించాలి. పాత నంబరు పలకను కొత్త రేకు మీద బిగించి మౌనంగా అమ్మేవారు ఈ అభిరుచికే కీడు చేస్తున్నారు.

తిరుగు ప్రయాణంలో సగం దారిలో వాన మొదలైంది. ట్రెయిలరు మీదున్న బాడీకి రంగుకు ముందు వేసే తొలి పూత, ప్రైమరు, మాత్రమే ఉంది. ప్రైమరు తేమను పీల్చుకుంటుంది కనుక దాని మీద నీరు నిలవనివ్వడం మంచిది కాదు. రోడ్డు పక్కన ఆగి, టార్పాలిన్ పరిచి, తాళ్లు బిగించేసరికి ఇద్దరం తడిసిపోయాం. ఇంటికి చేరాక బావగారు ముందు టేపు తీసి రెండు తలుపుల ఖాళీలనూ మూలమూలకు కొలిచి, ఆ అంకెలను గోడ మీది కాగితంపై రాశారు.

రంగు వేయించాలన్న తొందర నాది. ఆయన ఒప్పుకోలేదు. రంగుకు ముందే ముందరి అద్దపు చట్రం, తలుపు గాజులు, మడత టాపు ఇనుప చట్రం, బంపర్లు అన్నీ ఒకసారి బిగించి చూడాలట. ఒక రంధ్రాన్ని సరిచేయాల్సి వచ్చినా, ఒక తలుపు బందును జరపాల్సి వచ్చినా అది ప్రైమరు దశలోనే జరగాలట. టాపు చట్రం అద్దం చట్రంతో సరిగ్గా కలవకపోతే ఎంత మంచి రంగు వేసినా వాన నీరు లోపలికి వస్తుంది. అందుకని ఆ వారాంతంలో మొదట ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే క్రాస్‌మెంబరును సస్పెన్షన్‌తో సహా పాత బాడీ నుంచి విప్పాం. దాన్ని పట్టి ఉంచేవి నాలుగే పెద్ద బోల్టులు, కాని వాటిని కదిలించడానికి పూటంతా పట్టింది. మర్నాడు అవే నాలుగు రంధ్రాలలోకి కొత్త బోల్టులు చేతివేళ్లతోనే దిగాయి.