జూన్ వానలు వేరు, నవంబర్ వానలు వేరు

"గొడుగు తీసేశానమ్మా, బరువెందుకు? వానాకాలం అయిపోయిందిగా!" హైదరాబాద్ నుంచి ఫోన్‌లో పిన్ని. రేపు చెన్నై వస్తోంది. నేనేమో మాంబళం స్టేషన్ మెట్ల మీద తడిసి ముద్దయి ఉన్నాను. పట్టాల మధ్య నీళ్లలో టీ కప్పులు తేలుతున్నాయి.

జూన్‌లో నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే చాలావరకు కురిసేస్తాయి. మాకు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, బంగాళాఖాతం మీదుగా వచ్చే ఈశాన్య గాలులతో. వాయుగుండం పడితే రైళ్లూ ఆగిపోతాయి. పెద్దవాళ్లు ఒంటరిగా బయల్దేరుతుంటే నాకు టెన్షనే.

ఇక్కడి నుంచి బెంగళూరు వెళ్తుందట. అది 900 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రిళ్లు చలి. శాలువా కూడా పెట్టించాను. మీవాళ్లు ఇటు వస్తుంటే ఈ వానల సంగతి వాళ్లకి ముందే చెప్పండి.