కరకట్ట మీద ఎండబెట్టిన కరెంటు

బెజవాడ వాడికి ఎండ గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదు. రోహిణి కార్తెలో మిద్దె మీద కాలు మోపలేని ఊళ్లో ఉంటూ, ఫోను ఛార్జింగ్ కోసం ప్రయాణాల్లో టీ కొట్టువాళ్లను బతిమాలడం ఏమిటన్న ఉక్రోషంతో, మూడేళ్ల క్రితం గవర్నర్‌పేటలో ఒక సోలార్ పవర్ బ్యాంకు కొన్నాను. 20,000 ఎంఏహెచ్ బ్యాటరీ, దాని వీపున అరచేతి వెడల్పు సౌర ఫలకం. లెక్క మాత్రం కొన్న తరువాత వేశాను. ఆ బ్యాటరీలో పట్టేది 74 వాట్ అవర్లు (ఒక వాటు చొప్పున గంటసేపు అందితే ఒక వాట్ అవర్). అరచేతి మేర ఫలకం మంచి ఎండలో ఇచ్చేది ఒకటి, మహా అయితే ఒకటిన్నర వాట్లు. నష్టాలను పక్కన పెట్టినా, అది నిండడానికి కనీసం యాభై గంటల మండుటెండ కావాలి. పైగా ఫలకం ఎండలో ఉండాలంటే దానికి అతుక్కున్న బ్యాటరీ కూడా ఎండలోనే మాడాలి. మే నెలలో బాల్కనీ గోడ మీద పెడితే నాలుగో రోజుకు దాని పొట్ట పూరీలా ఉబ్బింది. లిథియం బ్యాటరీలను 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదన్న సంగతి అప్పుడే తెలిసింది.

అందుకే రెండోసారి ఫలకాన్నీ బ్యాటరీనీ విడివిడిగా తీసుకున్నాను: పుస్తకంలా మడిచే 21 వాట్ల ప్యానెల్, మామూలు 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు, వాటి మధ్య ఎంత కరెంటు పోతోందో చూపే చిన్న యూఎస్‌బీ మీటరు. వీటితో మొన్న సంక్రాంతి సెలవుల్లో కృష్ణ కరకట్ట వెంబడి యనమలకుదురు మీదుగా మోపిదేవి, అవనిగడ్డ దాటి హంసలదీవి వరకు నాలుగు రోజుల సైకిల్ ప్రయాణం చేశాము.

పెట్టె మీద 21 అని రాసినంత మాత్రాన 21 వాట్లు రావు. ఆ అంకె చదరపు మీటరుకు 1,000 వాట్ల వెలుతురులో, ఫలకం 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కొలిచినది. ఎండలో ఫలకం అరవై డిగ్రీలు సునాయాసంగా దాటుతుంది. సిలికాన్ ఫలకానికి డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున శక్తి తగ్గుతుంది కనుక, వేడి ఒక్కటే పది పన్నెండు శాతం తినేస్తుంది. నాకు కనిపించిన గరిష్ఠం 13 వాట్లు.

ఆ 13 కూడా ఊరికే రాలేదు. దారిలో కృష్ణా జిల్లా శ్రీకాకుళంలోని ఆంధ్రమహావిష్ణువు గుడి దగ్గర ఆగి ప్యానెల్‌ను నేల మీద పరిస్తే మీటరు 10 వాట్లే చూపింది. సంక్రాంతి రోజుల్లో మన దగ్గర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నడినెత్తికి రాకుండా దాదాపు 37 డిగ్రీలు దక్షిణానికి ఒరిగి ఉంటాడు. ప్యానెల్ వెనక సంచి ఆనించి, ప్యానెల్ మీద పెన్ను నిలబెట్టి, పెన్ను నీడ మాయమయ్యేదాకా వాలు సరిచేస్తే అంకె 13కు ఎక్కింది. అంతలో ఒక ముసలమ్మ వచ్చి, "ఏం నాయనా, వడియాలేమన్నా పెట్టావా?" అని వంగి చూసింది. ఆమె తల నీడ ఒక మూలన పడగానే 13 కాస్తా 3 అయింది. ఫలకంలోని గడులు దండలోని పూసల్లా వరుసగా కలిసి ఉంటాయి. ఒక గడి నీడలో పడితే మిగతావాటి కరెంటు కూడా దానికి సరిపడా తగ్గిపోతుంది. అవ్వను కాస్త పక్కకు జరగమని అడగడానికి మాత్రం నాకు నోరు రాలేదు.

ఫోనును నేరుగా ప్యానెల్‌కు తగిలించడం నేను మానేశాను. మబ్బు అడ్డొచ్చిన ప్రతిసారీ ఛార్జింగ్ ఆగి, మళ్లీ మొదలై, తెర వెలిగి ఆరి, వచ్చినదానికంటే పోయేదే ఎక్కువనిపిస్తుంది. పగలు పవర్ బ్యాంకుకు పట్టించి, దాన్ని ప్యానెల్ కింద నీడలో, తడి తగలకుండా ఉంచి, రాత్రి దాని నుంచి ఫోనుకు ఇవ్వడమే మేలు. ఈ చేతులు మారడంలో మూడో వంతు దాకా పోతుంది. 5,000 ఎంఏహెచ్ ఫోనుకు 19 వాట్ అవర్లు, సైకిల్ లైటుకు మరో ఐదు కలిపితే రోజుకు సుమారు 35 పోగుచేయాలి. అంటే మూడు గంటల నికరమైన ఎండ. రెండు రోజుల ప్రయాణానికైతే ఇదంతా దండగ, ఇంటి దగ్గరే నింపిన పెద్ద పవర్ బ్యాంకు ఒకటి చాలు.

తొక్కుతూ ఛార్జ్ చేద్దామని ప్యానెల్‌ను వెనక క్యారియర్ మీద కట్టాను. కరకట్ట సముద్రం వైపు, అంటే దక్షిణానికి దిగుతుంది. ఎండ ఎదురుగా ఉండడంతో నా వీపు నీడే ప్యానెల్ మీద పడి, మొదటి రెండు రోజులూ దారిలో వచ్చింది సున్నాకు కాస్త ఎక్కువ. హంసలదీవి నుంచి తిరిగి వస్తున్నప్పుడు సూర్యుడు వెనక్కి వెళ్లాడు. పులిగడ్డ దాటాక మీటరు వంక చూస్తే ఎనిమిది వాట్లు, ఆగకుండానే.